ఇనుప త్సుబా ఏ ఊరిది, ఏ కాలానిది: బొమ్మ కన్నా ముందు చూడాల్సినవి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. న్యూజెర్సీలో ఒక ఎస్టేట్ సేల్‌లో గుండ్రటి ఇనుప త్సుబా, అంటే జపాను కత్తిలో అలుగుకూ పిడికీ మధ్య చెయ్యి కాచే బిళ్ళ, కొన్నారు. అడ్డకొలత 7.7 సెం.మీ., నడుమ మందం 5.5 మి.మీ., అంచు దగ్గర 4.5 మి.మీ. రెల్లు దుబ్బుల మీదుగా ఎగురుతున్న అడవి బాతుల జాలీ పని. సంతకం లేదు. అమ్మినాయన "ఓవారి, 16వ శతాబ్దం" అని చీటీ రాసిచ్చాడు. రెండోది మీ తాతగారు బర్మా యుద్ధం నుంచి తెచ్చిన పసుపు లోహపు బిళ్ళ, నాలుగు వైపులా పువ్వులు. రెండూ ఎక్కడివి, ఎప్పటివి అని అడిగారు.

మొదటిది ఓవారి, అంటే ఇప్పటి నగోయా ప్రాంతపు పని, కాదు. మీరిచ్చిన కొలతలూ వర్ణనా చూస్తే ఎదో నగరంలోని, అంటే ఇప్పటి టోక్యోలోని, అకసాకా పనివాళ్ళ బాణీ. కాలం 18వ శతాబ్దం అనుకోవడం సబబు. రెండోది జపాను సైన్యం 1934 తర్వాత వాడిన అధికారుల కత్తిది. త్సుబాగా అది పురాతన వస్తువు కాదు. కానీ దాంతో పాటు కత్తి కూడా ఇంట్లో ఉంటే సంగతి వేరు. అది చివర్లో చెప్తాను.

అమ్మకందార్లు ముందు బొమ్మ చూసి బడి పేరు, అంటే ఒకే బాణీలో చేసే పనివాళ్ళ గుంపు పేరు, చెప్పేస్తారు. బాతులుంటే ఫలానా, డ్రాగనుంటే ఫలానా అంటారు. త్సుబాల విషయంలో ఇది పనికిరాదు. బొమ్మలు మూడు వందల ఏళ్ళ పాటు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చేతులు మారుతూనే ఉన్నాయి. ఇనుమును సాగగొట్టిన తీరు, అంచు, మందం, నడి రంధ్రం చుట్టూ ఉన్న జాగా, ఇవి మాత్రం పనివాడి చేతి అలవాట్లు. వాటిని కాపీ కొట్టడం కష్టం. అందుకే బొమ్మను ఆఖర్న చూడాలి.

ముందు బిళ్ళను సరిగ్గా పట్టుకోవడం. నడి రంధ్రం సన్నటి కొస పైకి వచ్చేలా పట్టుకోండి. ఆ కొస అలుగు పదును వైపు, వెడల్పాటి చదును వెన్ను వైపు. ఈ రంధ్రాన్ని నకాగో-అనా అంటారు. అలుగు తోక ఇందులోంచే పిడిలోకి పోతుంది. దాని చుట్టూ కోలగా, ఏ పనీ లేకుండా వదిలిన జాగా సెప్పా-దాయ్. సెప్పా అంటే త్సుబాకి ఇరుపక్కలా వేసే పల్చటి రాగి వాషరు. అది ఈ జాగా మీదే కూర్చుంటుంది. పిడి వైపు ముఖాన్ని చూస్తుంటే ఎడమ పక్కన అర్ధచంద్రాకారపు కంత కొజుకా అనే చిన్న చాకు కోసం, కుడి పక్కన మూడు వంపుల కంత జుట్టు సర్దుకునే కోగాయ్ పుల్ల కోసం. సంతకం ఉంటే మామూలుగా ఈ ముఖం మీదే, రంధ్రానికి ఎడమ పక్కన ఉంటుంది.

కొలత కూడా కొంత చెప్తుంది. 7.5 నుంచి 8.5 సెం.మీ. దాకా ఉంటే పెద్ద కత్తి కటానాది, 6 నుంచి 7 మధ్య ఉంటే పొట్టి కత్తి వాకిజాషిది, అంతకన్నా చిన్నదైతే బాకుది. మీది కటానాదే.

అసలుదా, పోత పోసిందా

బడి పేరు వెతికే ముందు ఇది తేల్చుకోవాలి. అయస్కాంతం పెట్టండి. అంటుకోకపోతే అది నల్ల రంగు పూసిన జింకు మిశ్రమం, అంటే ఇప్పటి అలంకరణ కత్తుల బాపతు. అంటుకున్నా పని పూర్తి కాలేదు, పోత ఇనుము కూడా అంటుకుంటుంది. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో జాలీ కంతల లోపలి గోడలు చూడండి. చేత్తో చేసినదైతే ఆకురాయి గీతలు ఒక ముఖం నుంచి ఇంకో ముఖానికి, కొంచెం ఎగుడుదిగుడుగా కనిపిస్తాయి. ముఖమూ గోడా కలిసే చోట అంచు తెగినట్టు స్పష్టంగా ఉంటుంది. పోత పోసినదైతే ఆ మూల మొద్దుగా, కరిగినట్టు ఉంటుంది. గోడలు లోపలికి కొద్దిగా వాలి ఉంటాయి, ఇసుక రేణువుల్లాంటి గుంటలు కనిపిస్తాయి, ఒక్కోసారి గోడ మధ్యలో అతుకు గీత కూడా దొరుకుతుంది.

దారం కట్టి వేలాడదీసి కొయ్య పుల్లతో తట్టే పరీక్ష చాలామంది చెప్తారు. సాగగొట్టిన ఇనుము ఖంగుమని మోగుతుంది, పోత ఇనుము డబ్‌మంటుంది. ఇది జాలీ లేని నిండు బిళ్ళలకు బాగా పనిచేస్తుంది. మీ దానిలా సగం కంతలే ఉన్నప్పుడు, పైగా కంతలో మెత్తటి లోహం బిగించి ఉన్నప్పుడు, మంచి త్సుబా కూడా సరిగా మోగదు. దాన్ని బట్టి తీర్పు ఇవ్వకండి.

మీది ఈ గండం దాటింది. నడి రంధ్రం పైనా కిందా రాగి ముక్కలున్నాయని రాశారు. అవి సెకిగానే. అలుగు తోకకు రంధ్రం వదులైతే సరిపెట్టడానికి కొట్టే ముక్కలు. రంధ్రం అంచుల మీద ఉలి దెబ్బలు కూడా ఉంటే అది ఒకటికి మించిన కత్తులకు తొడిగిన బిళ్ళ. కుడి కంతలో బూడిద రంగు లోహం నింపారన్నారు కదా, అది కూడా ఇంకో కత్తికి మార్చినప్పుడు, కోగాయ్ అవసరం లేక, పూడ్చినదే. ఇవి వాడకానికి సాక్ష్యాలు. బడి పేరు మాత్రం చెప్పవు.

ఓవారి ఎందుకు కాదు

ఓవారి జాలీ త్సుబాల్లో మొదట కొట్టొచ్చినట్టు కనిపించేది అంచు. బిళ్ళను పడుకోబెట్టి పక్క నుంచి ఏటవాలు వెలుతురులో చూస్తే, అంచు మీద అక్కడక్కడా మెరిసే గడ్డలూ గింజలూ తేలి ఉంటాయి. వీటిని టెక్కొత్సు, అంటే ఇనుప ఎముకలు అంటారు. గట్టి ఇనుమూ మెత్త ఇనుమూ కలిపి సాగగొట్టినప్పుడు మెత్తటి భాగం ముందు అరిగి, గట్టి భాగం తేలుతుంది. అవి చేత్తో తడిమినా తెలుస్తాయి. మీ బిళ్ళ అంచు నున్నగా ఉందని మీరే రాశారు.

రెండోది, ఓవారి గీతలు బలంగా, బరువుగా ఉంటాయి. ఎక్కువగా పైకీ కిందకీ, ఎడమకీ కుడికీ ఒకే పోలికలో సరితూగుతాయి. గాలికి వంగిన రెల్లు, ఒక పక్కకు ఎగిరే బాతులు, ఇలాంటి బొమ్మ ఆ బాణీకి దూరం. మూడోది మందం. నడుమ 5.5 ఉండి అంచుకు వచ్చేసరికి 4.5కి తగ్గడాన్ని గోయిషి-గాతా అంటారు, గో ఆటలో వాడే రాయి ఆకారమని. ఇది ఎదో కాలపు (17–19 శతాబ్దాల) అలవాటు, అకసాకా పనిలో తరచూ కనిపిస్తుంది. అంతకు ముందు నొబుయియే లాంటి పనివాళ్ళ బిళ్ళల్లో దీనికి తారుమారుగా ఉంటుంది: నడుమ పల్చన, అంచు మందం.

ఓవారి ప్రాంతానికే చెప్పే కనయామా త్సుబాలు ఇంకా గట్టివి. చిన్నగా, 7 సెం.మీ. అటూ ఇటూగా, మందంగా, టెక్కొత్సు దండిగా ఉంటాయి. మీ బిళ్ళను పక్కన పెడితే తేడా ఒక్క చూపులో తెలుస్తుంది.

మరి క్యోటో ఎందుకు కాకూడదు

అసలు తగువు ఇక్కడే. క్యోటో జాలీని క్యో-సుకాషి అంటారు. అందులోనూ రెల్లు, బాతులు, పూలు ఉంటాయి, అంచు నున్నగానే ఉంటుంది. అకసాకా తొలి పనివాడు తదామాసా 17వ శతాబ్దంలో క్యోటో నుంచే ఎదో వచ్చాడని చెప్తారు. కాబట్టి పోలికలుండడంలో ఆశ్చర్యం లేదు. వీటిని విడదీయడానికి నేను చూసేవి ఇవి.

క్యోటో బిళ్ళలో మందం అంతటా దాదాపు ఒకటే. గీతలు సన్నగా, ఒకే వెడల్పులో సాగి అంచును తాకుతాయి. సెప్పా-దాయ్ సన్నగా, కొసలు కోసుగా ఉంటుంది. అంచు పలక చేసి మూలలు కొద్దిగా చంపినట్టుంటుంది. అకసాకాలో గీత వెడల్పు మారుతూ ఉంటుంది, కుంచెతో వేసిన గీతలా ఒక చోట లావెక్కి ఇంకో చోట సన్నబడుతుంది. అంచు గుండ్రదనానికి మొగ్గుతుంది. ఇనుము నల్లగా, నిగనిగలాడుతూ ఉంటుంది.

ఇంకొక గట్టి ఆనవాలు ఉంది. అకసాకా పనివాళ్ళు కొన్ని బిళ్ళలను మూడు పొరలుగా చేశారు, నడుమ ఒక రకం ఇనుము, పైనా కిందా ఇంకో రకం. దీన్ని సాన్‌మాయ్ అంటారు. అంచు చుట్టూ, మందానికి సరిగ్గా మధ్యలో, జుట్టు పోచంత గీతలు సమాంతరంగా కనిపిస్తే అదే. పోత అతుకుతో దీన్ని పొరబడవద్దు. అతుకు గీత ఒక్కటే ఉంటుంది, కంతల గోడల్లోనూ అదే ఎత్తులో వస్తుంది, కాస్త ఉబ్బి ఉంటుంది. మీరు ఈ గీతల ఊసు ఎత్తలేదు. ఒకసారి చూడండి. ఉంటే అకసాకా అన్న మాట బాగా బలపడుతుంది. లేకపోయినా కొట్టివేయనక్కర్లేదు, అన్ని బిళ్ళల్లోనూ పొరలు కంటికి కనిపించవు.

సంతకం లేకపోవడం లోపం కాదు. అకసాకాలో తొలి తరాల వాళ్ళు ఎక్కువగా సంతకం పెట్టలేదు, తర్వాతి వాళ్ళు పెట్టారు. క్యో, ఓవారి, కనయామా జాలీలకైతే సంతకం అసలు ఉండదనే అనుకోండి.

హిగో, అంటే క్యూషూ దీవిలోని కుమమోతో ప్రాంతం, మీ బిళ్ళకు మూడో అనుమానితుడు. టీ సంప్రదాయంలో ఆరితేరిన హొసోకావా తదాఓకి అనే ప్రభువు నీడలో అక్కడ హయాషి, హిరాతా, షిమిజు, నిషిగాకి కుటుంబాలు పనిచేశాయి, తర్వాత కమియోషి వాళ్ళు వచ్చారు. హయాషి ఇనుము తడిగా ఉన్నట్టు మెరుస్తుంది, నల్లటి గోధుమ రంగు. షిమిజు జింగో బాణీలో గద్దలాంటి పెద్ద పక్షిని ఇత్తడితో ఎత్తుగా పొదుగుతారు. అకసాకా తర్వాతి తరాలు హిగో నమూనాలను కూడా వాడుకున్నాయి. కాబట్టి ఇక్కడ కొంత తడబాటు నిపుణులకూ ఉంటుంది.

సంతకం ఉన్నవాటికి ఊరి పేరే తాళంచెవి

మీకు ముందు ముందు పనికొస్తుందని చెప్తున్నాను. సంతకంలో చాలాసార్లు ముందు రాష్ట్రం పేరు, తర్వాత నివాసి అనే అర్థంలో "జూ", ఆ తర్వాత పేరు ఉంటాయి. బుషూ అంటే ముసాషి, ఎదో ఉన్న రాష్ట్రం. చోషూ హాగీ అంటే ఇప్పటి యమగుచి జిల్లాలోని హాగీ పట్టణం, పూలూ ఆకులూ నిండుగా చెక్కే పని. గోషూ హికోనే అంటే బివా సరస్సు ఒడ్డు, సోతేన్ అనే పనివాడి బాణీ, చైనా మునులూ యుద్ధవీరులూ గుంపులుగా ఉండి ముఖాలకూ బట్టలకూ బంగారం పెడతారు. ఎచిజెన్ అంటే ఫుకుయి, కినాయ్ వాళ్ళ డ్రాగన్లు. బుషూ ఇతో పనివాళ్ళది పోచంత సన్నటి రంపపు కోతలతో నాజూకైన జాలీ.

సంతకం ఉంది కదా అని నమ్మేయకండి. సోతేన్ పేరుతో దొరికే వాటిలో అత్యధికం ఆయన చేతివి కావు. ఆ బాణీని అయిజు లాంటి చోట్ల టోకుగా చేశారు. నొబుయియే, కనెయియే, యమకిచిబెయ్ లాంటి పేరున్న పనివాళ్ళ సంతకాలకూ ఇదే గతి. అసలు సంతకంలో ఉలి గీత కొసన లోహం కొంచెం పైకి లేచి ఉంటుంది, గీత లోపలి తుప్పు రంగు బిళ్ళ రంగుతో కలిసిపోతుంది, సెప్పా రాపిడికి అక్షరాలు కాస్త అరిగి ఉంటాయి. గీత లోపల కొత్త ఇనుప మెరుపు ఉంటే తర్వాత చెక్కినదే.

ఇనుము మీద బంగారం ఉన్నప్పుడు అది ఎలా పట్టుకుందో చూడండి. అరిగిన చోట అడ్డదిడ్డంగా గళ్ళ గీతలు కనిపిస్తే అది నునొమే-జోగాన్, ఇనుమును గరుకు చేసి రేకును కొట్టి అతికించే పని. మన దేశపు కోఫ్త్‌గరీ పద్ధతి కూడా ఇదే. గాడి చెక్కి లోహాన్ని దిగగొట్టి బిళ్ళతో సమంగా అరగదీస్తే హిరా-జోగాన్, కనజావా ఊరున్న కాగా ప్రాంతపు పనికి పేరు తెచ్చింది అదే. ఇత్తడి తీగలూ ముక్కలూ పాత ఇనుము మీద కాస్త ఎత్తుగా ఉంటే ఓనిన్, సమంగా కూర్చుని గుండ్రటి కుటుంబ ముద్రలుంటే యోషిరో. తీగల మధ్య డ్రాగన్లు దూరి, సెప్పా-దాయ్ మీద కూడా చెక్కడం ఉంటే నాన్‌బాన్, నాగసాకి వర్తకపు ప్రభావం. వీటిలో కొన్నింటి మీద డచ్చి ఈస్టిండియా కంపెనీ ముద్ర ఉంటుంది, మచిలీపట్నంలో కోఠీ పెట్టిన కంపెనీయే అది.

ఇనుము కాని త్సుబాల లోకం పెద్దది, ఇక్కడ రెండు ముక్కలే. షకుదో అంటే రాగిలో కొద్ది శాతం బంగారం, నీలి ఛాయ ఉన్న నలుపు. షిబుయిచి అంటే రాగిలో సుమారు నాలుగో వంతు వెండి, బూడిద రంగు. షకుదో మీద చేప గుడ్ల వంటి చుక్కల వరసలు, పైన బంగారు బొమ్మ ఉంటే గోతో బాణీ. ఆ ఇంటి మూలపురుషుడు యూజో 1440 నుంచి 1512 దాకా బతికినవాడు, కానీ తొలి గోతోలు త్సుబాలు చేసింది చాలా అరుదు. దొరికేవి ఎక్కువగా ఆ బాణీలో తర్వాతివాళ్ళు చేసినవి. 1876లో కత్తి ధరించడం నిషేధించాక ఈ పనివాళ్ళు విదేశీ కొనుగోలుదార్ల కోసం చేశారు. అతి నాజూకు పని ఉండి, రంధ్రం చుట్టూ ఒక్క రాపిడి కూడా లేకపోతే ఆ కాలం గుర్తుకు రావాలి.

శుభ్రం చేయకండి

ఇది బతిమాలి చెప్తున్నాను. ఇనుము మీద ఆ నల్లటి గోధుమ పొర మురికి కాదు, పనివాడు పట్టించి, తరాలు చేతులతో పెంచిన పొర. నిమ్మరసం, వైర్ బ్రష్, తుప్పు వదిలించే ద్రావణాలు, కరెంటు పెట్టి తుప్పు తీయడం, ఏదీ వద్దు. ఎర్రగా పొడి రాలే తుప్పు ఉంటే అంతవరకే తీయాలి. ఎముకతో గానీ జింక కొమ్ము ముక్కతో గానీ చెక్కి, మెత్తటి నూలు గుడ్డతో రోజూ కాసేపు రుద్దండి. పని వారాల తరబడి సాగుతుంది. లవంగ నూనె చుక్క గుడ్డకు అద్ది తుడిచి, పొడి గుడ్డతో పూర్తిగా లాగేయండి. నూనె మిగిలితే దుమ్ము పట్టి తేమను నిలుపుతుంది.

షకుదో, షిబుయిచి, రాగి, ఇత్తడి బిళ్ళలకు చింతపండు, పీతాంబరి, బ్రాసో ఒక్కసారి తగిలినా ఆ రంగు పోతుంది. పూజ సామాను తోమినట్టు తోమిన షకుదో త్సుబా మామూలు రాగి ముక్కలా తేలుతుంది. దానికి మళ్ళీ రంగు తేవడం జపాన్‌లో ఆ పని తెలిసిన వాళ్ళ చేతుల్లోనే ఉంది.

మీ తాతగారి బిళ్ళ

నాలుగు వైపులా చెర్రీ పువ్వులుండి, రాగి లేదా ఇత్తడి మిశ్రమంతో, బంగారు పూత అరిగి ఉంటే అది షిన్-గున్‌తో, అంటే కొత్త సైనిక కత్తి, రకం. 1934 నాటి టైప్ 94, 1938 నాటి టైప్ 98, రెండింటికీ ఇలాంటి బిళ్ళే. మొదట్లో పువ్వుల పక్కన కంతలు కోసి చేసేవారు, యుద్ధం ముదిరాక నిండు బిళ్ళలు వచ్చాయి. నడి రంధ్రం పక్కన చిన్న దీర్ఘచతురస్రపు కంత ఉంటే అది ఒరను పట్టి ఉంచే బిగింపు మీట కోసం. రంధ్రం పక్కన అంకెలు కొట్టి ఉంటాయి. వాషర్లు మిగిలి ఉంటే వాటి మీదా అవే అంకెలుండాలి, అవి ఒకే కత్తి జతకు గుర్తు.

కత్తి కూడా ఇంట్లో ఉంటే దాన్ని ఊరికే సైన్యం కత్తి అనుకోకండి. చాలామంది అధికారులు తమ ఇంటి పాత అలుగులకే సైనిక పిడి తొడిగించుకున్నారు. పిడి మీది వెదురు మేకు తీస్తే అలుగు తోక కనిపిస్తుంది. తోక నల్లటి పాత తుప్పుతో ఉంటే దాన్ని రుద్దకండి, నూనె పెట్టకండి, అలాగే ఫోటో తీయండి. దాని వయసు చెప్పేది ఆ తుప్పే.

మొదటి బిళ్ళ విషయంలో కాగితం మీద ఖాయం చేసుకోవాలంటే టోక్యోలోని ఎన్‌బీటీహెచ్‌కే, అంటే జపాను కళాఖడ్గాల పరిరక్షణ సంస్థకు పంపించాలి. అది 1948లో ఏర్పడింది. కత్తి సామగ్రికి హొజోన్ (భద్రపరచదగినది), తొకుబెత్సు హొజోన్ (ప్రత్యేకంగా భద్రపరచదగినది) పత్రాలిస్తుంది, సంతకం లేనివాటికి బడి పేరు రాస్తుంది. రానూపోనూ పంపకం, రుసుము, మధ్యవర్తి ఖర్చు కలిపితే మామూలు అకసాకా బిళ్ళ ధరకు దగ్గరపడొచ్చు. కాబట్టి ముందు మీకు దగ్గర్లోనే ఉన్న న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఆయుధాల విభాగానికి వెళ్ళి ఇనుము రంగును కళ్ళకు అలవాటు చేసుకోండి. బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియం దగ్గరా త్సుబాలు చాలా ఉన్నాయి, రెండింటి ఫోటోలూ నెట్‌లో ఉచితంగా చూడొచ్చు. హైదరాబాద్ వచ్చినప్పుడు సాలార్ జంగ్ మ్యూజియం జపాన్ విభాగంలో కటానా, వాకిజాషి కత్తులుంటాయి, త్సుబా కత్తికి అమరి ఉంటే ఎలా కనిపిస్తుందో తెలుస్తుంది.

ఇక్కడ ఎవరైనా ఇంకా ముందుకు చెప్పాలంటే ఈ ఫోటోలు పెట్టండి: రెండు ముఖాలూ తిన్నగా పై నుంచి, పక్కన స్కేలు పెట్టి, అంచు చుట్టూ నాలుగు చోట్ల, ఏటవాలు వెలుతురులో, నడి రంధ్రమూ దాని పైనా కిందా రాగి ముక్కలూ దగ్గరగా, ఒక్క జాలీ కంత లోపలి గోడ. ఫ్లాష్ వేయకండి, ఇనుము రంగు తెల్లబోతుంది. కిటికీ పక్కన పగటి వెలుతురు చాలు. తరాల మధ్య తేడా చెప్పడానికి నాకు అన్నిటికన్నా అవసరమైనది అంచు ఫోటో.